లైబ్రరీ కుర్చీ గైడు చదివేవాడిదా, పుస్తకం చదివేవాడిదా?

పాతబీరువా (తిరుపతి):
రిటైరయ్యాక రోజూ మా పేట శాఖా గ్రంథాలయానికి పోతున్నాను. తొమ్మిదిన్నరకి పోయినా కుర్చీ దొరకదు. ప్రతి కుర్చీలో ఒక బ్యాగు, దాని మీద నీళ్ల బాటిల్, మనిషేమో టీ కొట్టు దగ్గర. కూర్చున్నవాళ్లు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న గ్రూప్-2 మెటీరియలే తిరగేస్తుంటారు. బీరువా తలుపు తెరిచే నాథుడు లేడు. మొన్న ఒక నవల తీశాను, వెనక అట్టకి అంటించిన చీటీలో ఆఖరి ముద్ర 2011ది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కట్టేది ఇందుకేనా? బట్టీ పట్టడాన్ని చదువు అంటారా?

మామిడితోట (పాకాల):
సార్, ఆ బ్యాగుల్లో ఒకటి నాదే అయ్యుండొచ్చు. గదిలో నలుగురం ఉంటాం. ఒకడు ఫోన్ ఎత్తితే ముగ్గురి చదువూ గోవిందా. ప్రైవేటు స్టడీ హాల్‌కి నెలకి వెయ్యి అడుగుతున్నారు. మా నాయన తోతాపురి కాయలు ఫ్యాక్టరీకి తోలి, డబ్బు ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నాడు. నవలలు చదివే తీరిక నాకెక్కడిది?

బట్టీ అన్నారు కాబట్టి ఒకటి చెప్తా. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, గ్రామసభ, ఇదంతా ఒక్క మార్కు కోసమే చదివాను. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు గ్రామసభ తీర్మానాల పుస్తకం చూపించమన్నాను. అందులో మా నాయన సంతకం ఉంది. ఆయన వేసేది వేలిముద్ర.

రాగిరేకు (చంద్రగిరి):
పాకాల తమ్ముడూ, భలే పట్టావు. కానీ గైడు రాసినవాడు నీకేం కావాలో ముందే ఏరి పెట్టేశాడు. ఏరకుండా వదిలేసిందేమిటో తెలియాలంటే బీరువా దగ్గరికి పోవాల్సిందే. అన్నమయ్య సంకీర్తనలు చూడు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే దాచారు. రాగి చెడలేదు. అయినా 1922 ప్రాంతంలో బయటికి తీసి పండితులు కూర్చుని చదివేదాకా అందులోని వేల పాటలు మనకి అందలేదు. (బ్యాగు పెట్టి టీకి పోవడం మాత్రం తప్పే. నేనూ చేశాననుకో.)

పాతబీరువా:
బట్టీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కుర్చీ సంగతి మాత్రం వదలను. పుస్తకం తీసినవాళ్లకి రెండు కుర్చీలైనా ఉంచమని లైబ్రేరియన్‌ని అడుగుతా. ఇంతకీ ఆ సంతకం ఏమైంది?

మామిడితోట:
అదే పేరుతో ఇంకొకాయన ఉన్నాడన్నారు సార్. మా ఊర్లో ఆ పేరుతో ఇంకెవరూ లేరు. తీర్మానం నకలు కోసం అర్జీ పెడదామనుకుంటున్నా, అది ఎట్ల రాయాలో గైడులో లేదు. మీ బీరువాలో 1994 పంచాయతీరాజ్ చట్టం పుస్తకం ఉందా?

పాతబీరువా:
రెండో బీరువా, కింది అర. తాళంచెవి అడిగి తీసుకో. తెరిచి చాన్నాళ్లయింది, తలుపు కాస్త పైకెత్తి లాగు నాయనా.