దక్షులంటే అర్హులేనా?

పద్యప్రియ: పంచాయతీ అభ్యర్థుల అర్హతల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. మొదట్లో తిక్కన భారతంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పే ‘సారపు ధర్మమున్’ పద్యం (ధర్మం, సత్యం చెడిపోతుంటే ఆపగల దక్షులు ఊరుకుంటే అది వాళ్లకే చేటని) పెడదామనుకుంటే రెండో పాదంలో చిక్కుకున్నాను. ‘చెడఁబాఱినదైన యవస్థ దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి’ అనా, ‘యవస్థన్’ అనా? పైగా ఈ దక్షుల్ని ‘అర్హులు’ అనొచ్చా?

గణయతి: ‘న్’ తగిలిస్తే ‘స్థ’ గురువైపోతుంది, ఉత్పలమాలలో రగణం చెడుతుంది. ‘వస్థద’ అనే ఉండాలి.

పాతపలక: గణం సరే, అన్వయం మాటేమిటి? ‘ఉపేక్ష సేసిరి’ దేన్ని? మా ఇంట్లో అందరూ ‘న్’ పెట్టే చదివేవాళ్లు.

గణయతి: జడవాచకానికి, అంటే ప్రాణంలేనిదాన్ని చెప్పే మాటకి, ద్వితీయ బదులు ప్రథమ రావడం కొత్తా మాస్టారూ?

శాసనాలపిచ్చి: అర్హత వేరు, దక్షత వేరు. తమిళనాడు ఉత్తరమేరూరులో పరాంతక చోళుడి నాటి 921 శాసనం చూడండి. ఊరి పాలక సంఘ సభ్యుడికి వయసు 35 నుంచి 70, పన్ను కట్టే పావు ‘వేలి’కి (పాత తమిళ భూమి కొలత) మించిన భూమి, సొంత స్థలంలో ఇల్లు. ఇవన్నీ అర్హతలు. ‘కార్యంలో నిపుణులు’ కావాలన్నది విడిగా ఉంది. ఇక పదవిలో ఉండి లెక్కలు చూపనివాడి పేరే కాదు, అతని దగ్గరి చుట్టాల పేర్లు కూడా సభ్యుల్ని చీటీ తీసి ఎంచడానికి కుండలో వేసే ఓలలకి (తాటాకు చీటీలకి) ఎక్కవు!

పద్యప్రియ: ఇప్పటి రాజ్యాంగంలో పంచాయతీ సభ్యుల అనర్హతల్ని చెప్పే 243ఎఫ్‌ అధికరణంలో నైపుణ్యం ఊసే లేదండీ. 21 నిండితే వయసు చాలదని ఆపకూడదు, అంతే.

సందేహి: హర్యానా 2015లో చదువు నిబంధన పెట్టింది. జనరల్ పురుష అభ్యర్థి పది పాసవ్వాలి, ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి. సుప్రీంకోర్టు అదే ఏడాది సరేనంది. పది తప్పిన దక్షులు నాకు బోలెడుమంది తెలుసు. ఆంధ్రలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారన్న నిబంధనని 2024లో ఎత్తేశారు. మూడో బిడ్డతో పోయిన దక్షత తిరిగొచ్చినట్టా?

పాతపలక: చట్టాల్లో పడి తిక్కనని వదిలేశారు. ఆ పద్యానికి ప్రాణం ‘ఉపేక్ష’. కృష్ణుడి చురక తగిలేది నోరు మెదపని భీష్మద్రోణులకి. వాళ్లకి అర్హత తక్కువా, దక్షత తక్కువా?

గణయతి: అక్కడ మీతో ఏకీభవిస్తా. ‘న్’ మాత్రం ఒప్పుకోను.

పాతపలక: పోనీ, ధర్మం, సత్యం రెండుండగా ‘చెడఁబాఱినది’ అని ఏకవచనం ఎందుకొచ్చిందో చెప్పండి చూద్దాం.