కాలేజీలో జరిగిన నేరాల లెక్క తల్లిదండ్రులకు చెప్పాలా, వద్దా?

ఖమ్మం నాన్న:
మా అమ్మాయికి అమెరికాలో ఎంఎస్‌కి రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. రెండూ ఏటా భద్రతా నివేదిక వేస్తాయట, గత మూడేళ్లలో క్యాంపస్‌లో ఎన్ని దోపిడీలు, ఎన్ని లైంగిక దాడులు, అందులో హాస్టళ్లలో ఎన్ని అని పట్టికలతో సహా. ఒకదాంట్లో రేప్ కేసులు రెండంకెల్లో ఉన్నాయి, రెండోదాంట్లో మూడేళ్లూ సున్నా. సున్నా ఉన్నదానికే పంపుదామని ఇంట్లో అంటున్నారు. కానీ ఇక్కడ బీటెక్ చేసిన నాలుగేళ్లూ హాస్టల్లో ఉంచాం, ఇలాంటి కాగితం మేం అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. మన దగ్గరా ఇలా బయటపెట్టాలంటారా?

పాత హాస్టలర్:
అంకుల్, సున్నా చూసి మోసపోకండి. మా హాస్టల్లోనూ సున్నానే. సెకండియర్‌లో ఎవడో బాత్రూమ్ వెంటిలేటర్‌కి బయటి నుంచి ఫోన్ పెట్టాడు, లోపలున్న అమ్మాయి కేక వేస్తే మేం పరిగెత్తుకెళ్లేసరికి పారిపోయాడు. ముగ్గురం తెల్లకాగితం మీద కంప్లయింట్ రాసి సంతకాలు పెట్టి ఇచ్చాం. వార్డెన్ మేడమ్ నిలబడే చదివి, నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నారు. "ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించేస్తారు, ఆలోచించుకోండి" అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి నోరు మూసుకున్నాం. మర్నాడు వెంటిలేటర్‌కి అట్టముక్క కొట్టించారు, అంతే. ఆ కాగితం ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

లెక్చరర్:
అమ్మా, మీకు జరిగింది అన్యాయం. అయినా నేను ఒప్పుకోను. కౌన్సెలింగ్ టైమ్‌లో పక్క కాలేజీ పీఆర్వోలు ఈ అంకెలే పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. నిజాయితీగా పన్నెండు కేసులు రాసిన కాలేజీకి పిల్లలు రారు, ఒక్కటీ రాయనిది నిండిపోతుంది. దాంతో కంప్లయింట్లు ఇంకా గట్టిగా తొక్కేస్తారు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్నొచ్చాయి, ఏం తేల్చారు అన్నది ఏటా యూజీసీకి పంపాలని 2015 నిబంధనల్లోనే ఉంది. అది సరిగ్గా పంపిస్తే చాలదా?

డాలస్ నుంచి:
సర్, యూజీసీకి వెళ్లే లెక్క వల్ల పిల్లను హాస్టల్లో దింపి వెళ్లే తండ్రికి ఏం ఉపయోగం? అమెరికాలో కాలేజీలు ఏటా ఆ భద్రతా నివేదిక వేయాలన్న చట్టం వచ్చిందే అందుకు. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని హాస్టల్ గదిలోనే అత్యాచారం చేసి చంపారు. చంపినవాడు అక్కడి విద్యార్థే, తాళం వేసి ఉండాల్సిన తలుపులు ఎవరో తెరిచిపెడితే లోపలికొచ్చాడు. అక్కడ అంతకుముందు జరిగిన నేరాలు మాకెవరూ చెప్పలేదని అమ్మానాన్నలు పోరాడితే 1990లో చట్టమైంది. తొక్కేసేవాళ్లు అక్కడా ఉన్నారు సర్, కాదనను, కానీ దొరికితే జరిమానా పడుతుంది. 2024లో లిబర్టీ యూనివర్సిటీకి 1.4 కోట్ల డాలర్లు పడింది. మన దగ్గర కాగితం దాచిన వార్డెన్‌కి ఏం పడింది?

ఖమ్మం అన్నగారికి ఇంకో మాట. ఆ పట్టికలో క్యాంపస్, దాన్ని ఆనుకున్న రోడ్లు, యూనివర్సిటీ వాడుకునే భవనాలే ఉంటాయి. మనవాళ్లు చాలామంది ఉండేది బయట అద్దె అపార్ట్‌మెంట్లలో. 2018లో కాన్సస్ సిటీలో మన తెలుగబ్బాయిని కాల్చింది అతను పనిచేసే రెస్టారెంట్లో, అలాంటివి ఆ పట్టికకెక్కవు. అమ్మాయి ఉండబోయే వీధి ఏదో కనుక్కుని ఆ సిటీ పోలీసుల లెక్క కూడా చూడండి.

ఖమ్మం నాన్న:
రాత్రి ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. మీ హాస్టల్లో ఎప్పుడైనా ఇలాంటిది జరిగిందా అమ్మా అంటే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఫస్టియర్‌లో ఒకసారి" అంది. నాలుగేళ్లు ప్రతి ఆదివారం ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగానే గానీ ఇది అడగలేదు. లెక్చరర్ గారూ, మీరు చెప్పిన నష్టం ఉంది. అయినా బయటపెట్టాలి.