శూన్య సదిశ: దిశ లేనిదాన్ని సదిశ అనవచ్చా?

మా చిన్నాన్న కొడుకు తెలుగు మీడియంలో ఇంటర్ చదివాడు. ఈమధ్య వాడికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పిస్తూ చిన్న ఆట ఒకటి రాయిస్తున్నాను. కీలు నొక్కితే తెర మీద బొమ్మ కదలాలి, అంతే. ఎక్స్, వై అనే రెండు అంకెలు దాచుకునే క్లాసుకు (ప్రోగ్రాంలో వస్తువుల నమూనాకు) నేను వెక్టర్ అని పేరు పెడితే, "అన్నయ్యా, ఇది మా సదిశే కదా" అన్నాడు. ఎంత, ఎటు అన్న రెండూ చెప్పే రాశే సదిశ. పైథాన్ 3లో తెలుగు పేర్లు కూడా చెల్లుతాయి కాబట్టి క్లాసు పేరు సదిశ అనే మార్చాం.

కుడి కీ, పై కీ కలిపి నొక్కితే వచ్చేది (1, 1). దాని పొడవు 1 కాదు, 1.414. అందుకే బొమ్మ మూలగా వెళ్లేటప్పుడు 41 శాతం ఎక్కువ వేగంతో పరుగెత్తింది. సదిశను దాని పొడవుతోనే భాగించి యూనిట్ సదిశగా, అంటే పొడవు 1 ఉన్న సదిశగా, మార్చే మెథడ్ (క్లాసు చేసే పని) రాశాక అది కుదుటపడింది. కానీ కీల మీద నుంచి చెయ్యి తీయగానే ప్రోగ్రాం ఆగిపోయింది. (0, 0) పొడవు సున్నా. సున్నాతో భాగహారం!

అప్పుడు వాడు అడిగిన ప్రశ్నే ఈ పోస్టు. "దిశే లేనప్పుడు అది సదిశ ఎలా అవుతుంది?" పాఠ్యపుస్తకంలో ఈ (0, 0)కు శూన్య సదిశ అని పేరు ఉంది. ఇది వదతో వ్యాఘాతం కాదా? సమాసాలు తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
సవినయం, సకుటుంబంలో ఉన్న 'స'యే ఇదీ. దిశతో కూడినది సదిశ, లేనిది అదిశ. వ్యుత్పత్తిని పట్టుకుంటే మీ తమ్ముడి అనుమానం సరైనదే. అయితే పంకజం చూడండి. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కావు, తామర ఒక్కటే. శాస్త్రపదాలూ చాలావరకు ఇలా రూఢి అయినవే. పుట్టుక ఒకటి, వాడుకలో హద్దు మరొకటి.

జవాబు:
లెక్క వైపు నుంచి కూడా ఒక కారణం ఉందండీ. ఒక సదిశలోంచి అదే సదిశను తీసేస్తే ఏం మిగలాలి? అదీ సదిశే కావాలి, లేకపోతే మీ తీసివేత మెథడ్ ఒక్కోసారి ఒక్కో రకం వస్తువును తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. అందుకే శూన్య సదిశను ఇంట్లోంచి వెళ్లగొట్టలేం.

పేరు మార్చి మంచి పని చేశారు. వెక్టర్ అంటే లాటిన్‌లో మోసుకుపోయేది. 1840ల్లో గణితవేత్త హామిల్టన్ దాన్ని గణితంలోకి తెచ్చాడు. అదే మాటను ఇంగ్లీషులో మలేరియా మోసే దోమకూ వాడతారు. మనకు దోమ వాహకం, ఇది సదిశ, గందరగోళమే లేదు. సీ ప్లస్ ప్లస్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో వెక్టర్ అంటే అవసరాన్ని బట్టి పెరిగే వరుస మాత్రమే. అలాంటివి రెండు తీసుకుని మధ్యలో కూడిక గుర్తు పెడితే కంపైలర్ ఒప్పుకోదు. ఆ పేరు గణితంలోని అర్థానికి పొసగదనీ, దాన్ని అర్రే (వరుస) అనాల్సిందనీ ఆ వెక్టర్ ఉన్న లైబ్రరీ రూపకర్త స్టెపనోవే తర్వాత రాశాడు. తెలుగులో దాన్ని సదిశ అనాలని ఎవరికీ తోచదు కదా!

నా స్పందన:
ఇద్దరికీ నమస్కారం. పంకజం మాట చెప్పగానే వాడి ముఖం వెలిగింది. పొడవు సున్నా అయితే సదిశను ఉన్నదున్నట్టే తిరిగి ఇచ్చేలా మెథడ్ మార్చాం, ఆట ఇప్పుడు ఆగడం లేదు.

ఈ చర్చ చదివాక బిందువును కూడా వేరే క్లాసు చేశాం. దానిలోనూ అవే రెండు అంకెలు, కానీ పని వేరు. హైదరాబాద్‌ను విజయవాడతో కూడితే అర్థం లేదు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మాత్రం ఎటు, ఎంత దూరం అన్నది వస్తుంది. అదే సదిశ. వెక్టర్ అన్నంతకాలం నాకు ఈ తేడా ఇంత సూటిగా కనబడలేదు.

ఇక మిగిలింది ఆ మెథడ్ పేరు. 'యూనిట్ సదిశగా మార్చు' మరీ పొడుగైంది, సగం ఇంగ్లీషు కూడా. దిశ చెడకుండా పొడవును ఒకటికి తెచ్చే పనికి చిన్న మాట ఎవరికైనా తడితే చెప్పండి, ఈ రాత్రికే మార్చేస్తాం.