ఆదరణ పరిచర్య: ఇంటికెళ్ళి ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు?

సీయోను_గడప
అందరికీ వందనాలు. మా సంఘంలో 120 మంది దాకా ఉంటారు. పాస్టరు అయ్యగారు ఆరుగురితో ఆదరణ పరిచర్య (కష్టంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ధైర్యం చెప్పే సేవ) మొదలుపెట్టించారు. రెండు నెలలైంది. వారానికి నాలుగైదు ఇళ్ళకు వెళ్తున్నాం, పాట పాడి, వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వస్తున్నాం. కానీ "వచ్చి క్లాసు పీకి పోయారు" అన్నమాట చెవిన పడింది. మా లిస్టులో ఇప్పుడు ఉన్నవాళ్ళు: మూడు వారాల క్రితం భర్త చనిపోయిన ఒక అక్క, భర్త కువైట్‌లో ఉండగా పిల్లలతో ఒంటరిగా నెట్టుకొస్తున్న ఒక చెల్లి, అప్పుల వల్ల కూడికలకు రావడం మానేసిన ఒక అన్న. ఎక్కడ తప్పుతున్నామో, ఏం మార్చుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి. "ప్రేమగా ఉండండి" లాంటి మాటలు కాకుండా పనికొచ్చే వివరాలు కావాలి.

బెరయ_పాఠకుడు
వందనాలు బ్రదర్. చిక్కులో సగం మన బైబిల్లోని తెలుగు మాటల దగ్గరే ఉంది. గ్రీకులో పరకలేయో అని ఒకే క్రియ, పక్కకు పిలవడం అనేది దాని మూలార్థం. మన పాత అనువాదం దాన్ని 1 థెస్సలొనీకయులకు 5:11లో "ఆదరించి" అంది, హెబ్రీయులకు 3:13లో "బుద్ధి చెప్పుకొనుడి" అంది, 10:25లో "హెచ్చరించుచు" అంది. యోహాను 14లోని "ఆదరణకర్త" కూడా ఈ కుటుంబంలోని మాటే. ఇప్పటి వాడుకలో బుద్ధి చెప్పడమంటే చీవాట్లు పెట్టడమే కదా. అందుకే మనవాళ్ళు చీవాట్లు పెట్టొచ్చి ఆదరణ పరిచర్య చేశామనుకుంటారు.

ఏ ఇంటికైనా బయల్దేరే ముందు 1 థెస్సలొనీకయులకు 5:14 చూడండి. అందులో మూడు రకాల మనుషులకు మూడు వేరు వేరు పనులున్నాయి. అక్రమంగా నడిచేవాడికి బుద్ధి చెప్పాలి. ఆ మాట గ్రీకులో వరుస తప్పిన సిపాయికి వాడేది, పని మానేసి తిరిగేవాళ్ళ సంగతి అదే థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక (ఉత్తరం) 3:11లో ఉంది. ధైర్యం చెడినవాడిని ధైర్యపరచాలి. బలహీనుడికి ఊత ఇవ్వాలి, అంటే గట్టిగా పట్టుకుని వదలకుండా ఉండాలి. దీర్ఘశాంతం మాత్రం ముగ్గురికీ.

మందులు తారుమారైతేనే అనర్థం. ధైర్యం చెడినవాడికి బుద్ధి చెబితే ఇంకా ముడుచుకుపోతాడు. బలహీనుడికి ఉత్సాహపు మాటలు చెబితే లేవలేకపోవడం తన తప్పేననుకుంటాడు. అక్రమంగా నడిచేవాడికి ఊత ఇస్తే దాని మీదే పడుకుంటాడు. మీ అప్పుల అన్న ఈ మూడింటిలో ఏ రకమో మీరు రాయలేదు. బహుశా కనుక్కుని కూడా ఉండరు. ఇద్దరు వెళ్ళి "కూడికకు వస్తే ఎవరు కనిపిస్తారని ఇబ్బందిగా ఉంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. అప్పిచ్చినవాడు అదే సంఘంలో ముందు వరసలో కూర్చుంటుంటే ఈయన మానేసింది దేవుణ్ణి కాదు.

మార్త_వంటిల్లు
బెరయ అన్న అర్థం చెప్పారు, నేను చేసే పద్ధతి చెబుతాను తమ్ముడూ.

ముందుగా ఆరుగురూ కలిసి వెళ్ళడం మానేయండి. ఇద్దరు చాలు, ముగ్గురు మించొద్దు. గుంపుగా వెళ్తే ఇంటివాళ్ళు కుర్చీలు, టీ గ్లాసుల వెతుకులాటలో పడతారు, మనసు విప్పరు. వెళ్ళే ముందు ఫోన్ చేసి అడగండి. 20, 25 నిమిషాల్లో లేచిపోండి, వాళ్ళే కూర్చోమంటే ఇంకాసేపు. మొదటి పావుగంట వాళ్ళే మాట్లాడాలి. తర్వాత ఒకే వచనం, రెండు నిమిషాల ప్రార్థన, అందులో ఆ ఇంట్లో పిల్లల పేర్లు రావాలి. పాట వాళ్ళు అడిగితేనే. సామెతలు 25:20 చదవండి, దుఃఖంలో ఉన్నవాడికి పాట వినిపించడం చలిలో ఒంటిమీద బట్ట లాగేయడంతో సమానమట! వచనం కావాలంటే 88వ కీర్తన తీయండి. అది చీకట్లోనే ముగుస్తుంది, అందుకే దుఃఖంలో ఉన్నవాళ్ళకు అది తమ మాటలాగే వినిపిస్తుంది.

సర్వం పోగొట్టుకున్న యోబును ఆదరించడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే "బాధకే కర్తలు" అనిపించుకున్నారు.

భర్త పోయిన అక్క విషయం. భూస్థాపన నుంచి ఆదరణ కూడిక దాకా చుట్టాలు, భోజనాలు ఉంటాయి. ఆ తర్వాత ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, ఇప్పుడామె ఉన్నది అక్కడే. రాత్రి అన్నం ఎవరో ఒకరు పంపుతారు గానీ పొద్దున పిల్లల టిఫిన్ ఎవరికీ గుర్తుండదు. అది మీరు పట్టించుకోండి. తిరిగివ్వాల్సిన స్టీలు క్యారేజీల్లో పంపకండి, గిన్నెలు కడిగి ఎవరివి వాళ్ళకు చేర్చడం ఆమెకు ఇంకో పని అవుతుంది. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్ళెవరో అడిగి దాన్నిబట్టి వండండి.

కాగితాల పని కూడా ఆదరణే. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు, దాటితే ఆలస్య రుసుము, తిరుగుడు. మూడు వారాలంటున్నారు కాబట్టి ఇది ఈరోజే కనుక్కోండి. తర్వాత బ్యాంకులో నామినీ సంగతి, వితంతు పింఛను దరఖాస్తు. చదువుకున్నవాళ్ళొకరు ఆమెతో పాటు ఆఫీసుకు వెళ్ళి వరుసలో నిలబడాలి. "ఏమైనా కావాలంటే చెప్పండి" అనొద్దు, అడగాల్సిన బరువు ఆమె మీదే పడుతుంది. "మంగళవారం పదింటికి నేనొస్తాను, ఆధార్ తీసి పెట్టండి" అనండి.

అనకూడని మాటలు మరికొన్ని. "మంచివాళ్ళను దేవుడు తొందరగా పిలుచుకుంటాడు" (అంటే మిగిలినవాళ్ళం చెడ్డవాళ్ళమా?). "విశ్వాసులు ఏడవకూడదు": 1 థెస్సలొనీకయులకు 4:13లో ఉన్నది నిరీక్షణ (ఆశ) లేనివారిలాగా దుఃఖపడొద్దనే గానీ, దుఃఖపడొద్దని కాదు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీలు రాయండి: వాళ్ళ పెళ్ళిరోజు, ఆయన పుట్టినరోజు, మొదటి క్రిస్మస్, ఏడాది. ఆ రోజుల్లో ఆయన పేరు పలకండి. పేరెత్తితే బాధపడతారని అందరూ దాటేస్తుంటారు, అదే ఎక్కువ బాధ.

కువైట్ చెల్లి ఇంటికి ఆడవాళ్ళే వెళ్ళాలి, పగలే వెళ్ళాలి. లేకపోతే మీ ఆదరణ వీధి వాళ్ళ నోట ఇంకోలా మారుతుంది. మనకు రాత్రి 10 అయితే అక్కడ 7:30. పని దిగి ఆయన ఫోన్ చేసేది దాదాపు ఆ వేళకే, అప్పుడు మీరు ఫోన్ చేయొద్దు. ఆమెకు ఎక్కువ పనికొచ్చేది వాక్యం కన్నా, పిల్లాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో మాట్లాడిపెట్టే ఒక నంబరు.

తర్సు_దారి
మార్త అక్క చెప్పినవన్నీ సరే గానీ, ఇవన్నీ కష్టంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకే. ప్రోత్సాహం దుఃఖం వచ్చినప్పుడే అనుకోవడం ఇంకో పొరపాటు. బర్నబా పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది, ఆ పేరుకు అర్థమే ఆదరణ పుత్రుడు (అపొస్తలుల కార్యములు 4:36).

ఆయన చేసింది చూడండి. సౌలును (తర్వాత పౌలు అయింది ఇతనే) యెరూషలేములో అందరూ అనుమానిస్తుంటే, చేయిపట్టి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళాడు (9:27). పొగడలేదు. మూడు సంగతులు చెప్పాడు: దారిలో ప్రభువును చూశాడు, ప్రభువు ఇతనితో మాట్లాడాడు, దమస్కులో ధైర్యంగా బోధించాడు. అంటే పూచీ పడ్డాడు. తర్వాత తర్సుకు వెళ్ళి వెతికి మరీ అంతియొకయకు తెచ్చి, ఏడాదంతా పక్కన పెట్టుకుని పని చేయించాడు (11:25, 26). సేవా ప్రయాణాన్ని సగంలో వదిలిపోయిన మార్కు అనే సహచరుడి కోసం పౌలుతోనే విడిపోయాడు. ఆ మార్కునే చివర్లో పౌలు "ప్రయోజనకరమైనవాడు" అని పిలిపించుకున్నాడు, 2 తిమోతి 4:11.

కాబట్టి అప్పుల అన్నకు పని ఇవ్వండి. మైకు, కుర్చీలు, బండి పార్కింగు, ఏదైనా. కానుకల లెక్క మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దు, అది ప్రోత్సాహం కాదు, పరీక్ష.

మెచ్చుకోవడానికి కొలత రోమీయులకు 16. అందులో పౌలు ఇరవై మందికి పైగా పేర్లు పెట్టి వందనాలు చెప్పి, చాలామందికి ఫలానా పని అని తగిలించాడు. "మీరు గొప్ప విశ్వాసి బ్రదర్" అంటే ఇచ్చకమవుతుంది. "పోయిన ఆదివారం కరెంటు పోతే ఆ ముసలామెను మీరే మెట్లు దింపారు, ఈ వారం ఆమె మళ్ళీ వచ్చింది" అంటే మెప్పు. ఏ పని, ఎప్పుడు, దానివల్ల ఏం జరిగింది, ఈ మూడూ ఉండాలి.

వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున పంపే వచనం బొమ్మ ఎవరికీ ఊత కాదు, దాన్ని ఆ లెక్కలో వేసుకోకండి. ఒక్కరికే, పేరు పెట్టి, 40 సెకన్ల వాయిస్ మెసేజ్ పంపండి. చివర్లో "జవాబివ్వక్కర్లేదు" అనండి. ఇంకొకటి, ఇంట్లో విన్నది "ప్రార్థన అంశం" పేరుతో గ్రూపులోకి ఎక్కకూడదు. పైకి ప్రార్థన, లోపల కబుర్లు. "ఇది కూడికలో చెప్పమంటారా?" అని ముందు వాళ్ళనే అడగండి.

సీయోను_గడప
అన్నలకు, అక్కకు వందనాలు. మరణ నమోదు సంగతి మాకు తట్టనే లేదు, ఇప్పుడే కనుక్కుంటున్నాం. ఇంకో రెండు అడుగుతాను. ఇంటర్ ఫలితాల వేళ తప్పినవాళ్ళ ఇళ్ళకు ఎలా వెళ్ళాలి? మా ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికే అలసిపోయారు, ఏం చేయాలి?

బెరయ_పాఠకుడు
ఫలితాల రోజు గుంపుగా వెళ్ళొద్దు, "ఎన్ని వచ్చాయి?" అని ఫోన్లు చేయొద్దు. యవ్వనస్థుల్లో ఆ పిల్లాడికి నచ్చిన ఒకరు సాయంత్రం వెళ్ళి బయటికి తీసుకెళ్తే చాలు. "దేవుని చిత్తం" అనే మాట ఆ వారం ఎత్తకండి. మరుసటి రోజు నుంచి పని ఉంది. రీకౌంటింగ్ అంటే మార్కులు మళ్ళీ కూడడం, రీవెరిఫికేషన్ అంటే పేపరు మళ్ళీ చూసి స్కాన్ కాపీ ఇవ్వడం. రెండింటికీ, సప్లిమెంటరీ ఫీజుకూ గడువు కొద్ది రోజులే. మనస్తాపంలో ఉన్న ఇంట్లో ఆ గడువు దాటిపోతుంది. తేదీ మీరు గుర్తుపెట్టుకోండి.

పిల్లాడు "నేనుండి ఏం లాభం" అన్నట్టు మాట్లాడితే సూటిగా అడగండి, "చనిపోవాలనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, రహస్యంగా ఉంచుతామని మాట ఇవ్వొద్దు. ఇంట్లో పురుగుమందు, మాత్రలు తీయించేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేయండి, ఫోనూ చేయండి. ఒకటి చేశాం కదా అని రెండోది మానొద్దు.

మార్త_వంటిల్లు
అలసిన ఇద్దరినీ ఒక నెల పాటు ఇళ్ళకు పంపకండి, నోటుపుస్తకం చూసుకోమనండి. వాళ్ళు తిరిగొచ్చాక ఆరుగురంటే మూడు జంటలు, జంటకు మూడు ఇళ్ళు, మొత్తం తొమ్మిదే. పదో ఇల్లు వస్తే ఇంకో జంటను కలుపుకోవాలి గానీ ఉన్నవాళ్ళ మీద వేయొద్దు. మరణం జరిగిన ఇంటికి వెళ్ళొచ్చిన జంటకు ఆ వారం ఇంకో ఇల్లు ఇవ్వొద్దు. బదరీ చెట్టు కింద చనిపోవాలని కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు. దేవుని కొండ, దేవుని స్వరం తర్వాత వచ్చాయి. నిర్గమకాండము 17:12లోనూ అలసిపోయిన మోషే చేతులను అహరోను, హూరు పట్టుకోకముందే ఆయన కింద ఒక రాయి వేశారు కూర్చోవడానికి. మీవాళ్ళిద్దరినీ ఈ ఆదివారం మీ ఇంటికి భోజనానికి పిలవండి తమ్ముడూ, లిస్టు మాత్రం బయటికి తీయొద్దు.