అప్‌డేట్: మిర్చి ధర అడిగితే కూరగాయల టూల్‌ను పిలిచిన ఏజెంట్

వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధరలు చెప్పే మా ఏఐ ఏజెంట్, ‘టమాట మిర్చి’ అనగానే మిర్చి టూల్‌కు (ధరలు తెచ్చిచ్చే చిన్న ప్రోగ్రామ్‌కు) బదులు కూరగాయల టూల్‌ను పిలిచి టమాట ధర చెబుతోందని ఇంతకుముందు అడిగాను. ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్‌ను మార్చకుండానే, మీరు సూచించినట్టు, ఏ టూల్‌ను పిలవాలో మోడల్ చదివి తేల్చుకునే టూల్ వివరణలు తిరగరాయడంతో సమస్య తీరింది.

‘పంట ధరలు ఇస్తుంది’ అన్న పొడి వాక్యం స్థానంలో, ఒక్కో టూల్‌ను ఎప్పుడు పిలవాలో, ముఖ్యంగా ఎప్పుడు పిలవకూడదో రాసి, చపాటా రకం మిరపనే ఇక్కడ టమాట మిర్చి అంటారని రెండు టూళ్ల వివరణల్లోనూ చేర్చాము. (2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మిరపకు ఈ గతి పట్టడం విచిత్రమే.) ‘రకం’ అనే పారామీటర్‌కు (టూల్‌ను పిలిచేటప్పుడు ఇచ్చే వివరానికి) తేజ, వండర్ హాట్, చపాటా వంటి అనుమతించిన విలువలనే ఇచ్చి, ధర క్వింటాలుకు రూపాయల్లో వస్తుందని తెలిపాము. అన్నింటికన్నా ఎక్కువగా పనికొచ్చింది, మార్కెట్ సెలవు రోజున ఫలితం ఖాళీగా వస్తుందని, అప్పుడు ధరను ఊహించి చెప్పకూడదని రాసిన వాక్యమే.

వివరణలు ప్రతి అభ్యర్థనతోనూ మోడల్‌కు వెళ్లి టోకెన్ల (మోడల్ చదివే పదాల ముక్కల) ఖర్చు పెంచుతాయి కనుక, వాటిలోని ఉదాహరణలను ప్రస్తుతం కుదిస్తున్నాము.