క్యాంపస్ నెట్ మార్చటానికి గ్రాంట్: ముందు వైఫైయా, కేబుళ్ళా, ల్యాబ్ సిస్టమ్సా?

అరండల్‌పేట_స్కాలర్:
అందరికీ నమస్తే. గుంటూరు వైపు ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నా. క్యాంపస్ నెట్‌వర్కు, కంప్యూటర్లు అన్నీ కొత్తగా మార్చటానికి గ్రాంట్ రాబోతోందట, ఏం కావాలో డిపార్ట్‌మెంట్ల నుంచి రాసి పంపమన్నారు. నేనైతే వైఫై 6 అంటా, అదీ ముందు హాస్టళ్ళకి. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది పబ్లిషర్ల జర్నల్స్, దాదాపు 13,000, ప్రభుత్వ యూనివర్సిటీలకి తెరిచారు. మూడేళ్ళకి కేంద్రం 6,000 కోట్లు పెట్టింది. అంతకుముందు ఒక్క పేపర్ కావాలంటే హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళని బతిమాలుకునేవాళ్ళం. ఇప్పుడు పేపర్లున్నాయి, కానీ క్యాంపస్ నెట్‌లో ఉంటేనే తెరుచుకుంటున్నాయి, మా హాస్టల్‌కేమో ఆ నెట్ రాదు. లైబ్రరీ మూశారంటే నా పని ఆగినట్టే. మీరేమంటారు?

కృష్ణలంక_కిరణ్:
అందరి ఫోన్లలో 5జీ ఉంది కదా, ఇంకా వైఫై ఎందుకు

అరండల్‌పేట_స్కాలర్:
5జీకి యూనివర్సిటీ ఐపీ (నెట్ అడ్రసు) ఉండదు కదండీ, జర్నల్ సైటు డబ్బు కట్టమంటుంది. నేనడిగేది స్పీడు గురించి కాదు.

పొన్నూరురోడ్డు_మాస్టారు:
అమ్మా, నీ ఇబ్బంది అర్థమైంది కానీ ముందు ల్యాబులు చూడాలి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మా ల్యాబ్‌లో ఉన్నవి ఇంటెల్ ఆరో జనరేషన్ సిస్టమ్స్, విండోస్ 11కి ఎనిమిదో జనరేషన్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలంటారు, అంటే ల్యాబ్ మొత్తం పక్కన పెట్టాల్సిందే. ఎంఎస్సీ పిల్లలు ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుంటున్నారు, ఒకళ్ళు టైప్ చేస్తుంటే మిగతావాళ్ళు చూస్తుంటారు, అలా ప్రోగ్రామింగ్ ఎలా వస్తుంది? హాస్టల్లో నెట్ తర్వాత. ఇంకోటి, ఈ గ్రాంట్ పేరు చెప్పి డిపార్ట్‌మెంట్ సర్వర్లన్నీ పట్టుకెళ్ళి ఒకేచోట పెడతామని చాలా క్యాంపస్‌ల్లో మొదలుపెట్టారు. నేను దానికి ఒప్పుకోను.

స్విచ్‌రూమ్:
సార్, మేడమ్, నేను ఇలాంటి క్యాంపస్‌లోనే నెట్‌వర్క్ సైడు కాంట్రాక్టులో చేస్తున్నా. మీరిద్దరూ కంటికి కనపడేవాటి గురించే మాట్లాడుతున్నారు. గేటు దాకా నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ (విద్యాసంస్థలని కలిపే ప్రభుత్వ నెట్) లింకు 1 జీబీపీఎస్, అంటే 1000 ఎంబీపీఎస్ వస్తోంది, అక్కడ నుంచి బ్లాకుల్లోకి పోయేసరికి స్విచ్ (నెట్ కేబుళ్ళని కలిపి పంచే పెట్టె) పోర్టు 100 ఎంబీపీఎస్‌ది. దాని మీద ఎంత ఖరీదైన వైఫై 6 బాక్స్ పెట్టినా బయటికొచ్చేది ఆ 100లోపే, అదే నలభై మంది పంచుకోవాలి. పైగా ఆ బాక్సుల్లో చాలావాటికి 30 వాట్ల పీఓఈ (నెట్ కేబుల్లోంచే వచ్చే కరెంటు) కావాలి, పాత పీఓఈ స్విచ్‌లు పోర్టుకి 15.4 వాట్లే ఇస్తాయి. ఆ పవర్ చాలక కొన్ని బాక్సులు సగం రేడియోలు ఆపేసుకుని నడుస్తాయి, కొన్ని అసలు లేవవు. మీకు మాత్రం వైఫై బాలేదనే అనిపిస్తుంది. ఇక యూపీఎస్ బ్యాటరీలు. వాటి లైఫ్ లెక్క కట్టేది 25 డిగ్రీలకి, పది డిగ్రీలు పెరిగితే లైఫ్ సగమవుతుంది. గుంటూరు మే నెలలో ఏసీ లేని గదిలో పెట్టి అయిదేళ్ళు రాలేదంటే ఎలా వస్తాయి సార్. కాబట్టి ముందు కేబులు, స్విచ్‌లు, ఎర్తింగు, యూపీఎస్. మిగతావి ఆ తర్వాత.

బ్రాడీపేట_బాలు:
స్విచ్‌రూమ్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్

పొన్నూరురోడ్డు_మాస్టారు:
సర్వర్ల సంగతి చెప్పలేదు మీరు.

స్విచ్‌రూమ్:
చెప్తా సార్. ఒకచోట ఉంటేనే మంచిది. ఏసీ ఒకటే, యూపీఎస్ ఒకటే, బ్యాకప్ ఒకటే. డిపార్ట్‌మెంట్లో సర్వర్ అంటే ఎక్కువచోట్ల గ్రౌండ్ ఫ్లోర్లో టేబుల్ కింద ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో ఇళ్ళలోకి నీళ్ళొస్తే కింద ఉన్న వస్తువేదీ మిగల్లేదు, విజయవాడవాళ్ళకి నేను చెప్పక్కర్లా. సర్వర్ రూమ్ పై అంతస్తులో ఉండాలి, బ్యాకప్ ఇంకో బిల్డింగులో ఉండాలి.

పొన్నూరురోడ్డు_మాస్టారు:
మా డిపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంది, వరద సంగతి నాకు చెప్పొద్దు. గతంలో నేను పనిచేసిన చోట ఇలాగే బ్యాకప్ ఉంటుంది, ఏసీ ఉంటుంది అని చెప్పి సర్వర్ తీసుకెళ్ళారు. ఒకరోజు కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తున్నామని మమ్మల్ని అడక్కుండా ఫార్మాట్ కొట్టారు. నా దగ్గర చేసే కుర్రాడి సిమ్యులేషన్ డేటా మొత్తం పోయింది, బ్యాకప్ ఏదంటే ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ అబ్బాయి థీసిస్ ఏడాది వెనక్కి పోయింది, అప్పటికే పెళ్ళయి పిల్లలున్నవాడు. వాడింట్లో పడిన బాధ నాకు తెలుసు. అప్పటినుంచి సర్వర్ నా కళ్ళ ముందు ఉండాలంటున్నా.

అరండల్‌పేట_స్కాలర్:
సార్, అది బ్యాకప్ తీయకపోవటం వల్ల జరిగింది కదా, సర్వర్ ఎక్కడున్నా అంతే కదా?

పొన్నూరురోడ్డు_మాస్టారు:
కాదమ్మా. నా దగ్గర ఉంటే ఫార్మాట్ కొట్టేముందు నన్ను అడగాల్సి వచ్చేది. ఇక్కడ సంగతీ చెప్తా, ప్రాక్టికల్ ఎగ్జామ్ రోజు నెట్ పోతే నెట్‌వర్క్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. బయట నుంచి ఎగ్జామినర్ వచ్చి కూర్చుని ఉంటాడు, పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టుకుని ఉంటారు. ఫోనెత్తని వాళ్ళ చేతికి నా డేటా ఇవ్వమంటావా?

స్విచ్‌రూమ్:
సార్, ఫోనెత్తనివాళ్ళం అన్నారు కాబట్టి చెప్తున్నా. మా క్యాంపస్‌లో మేము ఉన్నదే ఇద్దరం. హాస్టళ్ళు, అడ్మిన్, ఎగ్జామ్ సెక్షన్, లైబ్రరీ, మీలాంటివాళ్ళ ల్యాబులు అన్నీ మావే. ఒక ల్యాబ్ ఆగిన టైముకి నేను ఎగ్జామ్ సెక్షన్లో స్విచ్ మారుస్తూ ఉంటా, ఆ స్విచ్ కూడా ఇంకో బ్లాకు నుంచి పీకి తెచ్చిందే, ఎందుకంటే స్పేర్ కొనటానికి బడ్జెట్ లేదు. మా కాంట్రాక్టు ఏటా రెన్యువల్, ఒక ఏడాది ఏజెన్సీ మారితే జీతం నెలలకి నెలలు ఆగింది. నాకంటే ముందున్నతను బెంగుళూరు వెళ్ళిపోయాడు, ఏ కేబుల్ ఎటు పోతుందో ఏ స్విచ్‌కి ఏ పాస్‌వర్డో అతని తలలోనే ఉండేది, నేను బ్లాకు బ్లాకూ తిరిగి రాసుకున్నా. రేపు నేను పోయినా ఇదే. మీ సర్వర్ ఫార్మాట్ కొట్టినోడు కూడా అలా కొత్తగా వచ్చినోడే అయ్యుంటాడు.

కృష్ణలంక_కిరణ్:
రెండు పక్కలా బాధ ఉంది ఇక్కడ

పట్టాభిపురం_అకౌంట్స్:
నేను అకౌంట్స్‌లో చేసినదాన్ని కాబట్టి ఒక మాట. ఇలాంటి గ్రాంట్లు ఎక్కువగా నాన్ రికరింగ్ హెడ్‌లో (ఒక్కసారి పెట్టే ఖర్చు కింద) వస్తాయి. దాంట్లో వస్తువు కొనొచ్చు, మనిషికి జీతం ఇవ్వకూడదు, ఏటేటా ఏఎంసీ (మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కట్టటానికీ వాడుకోకూడదు. అందుకే కొన్న ఏడాది అన్నీ మెరుస్తాయి, వారంటీ అయిపోగానే మూలన పడతాయి. ఒక దారి ఉంది: టెండర్లోనే అయిదేళ్ళ ఆన్‌సైట్ వారంటీ, స్పేర్ స్విచ్‌లు, లైసెన్సులు కలిపి అడగాలి. ప్రభుత్వ కొనుగోళ్ళ సైటు జెమ్‌లో ఎల్1కే, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాళ్ళకే పోతుంది కాబట్టి స్పెసిఫికేషన్‌లో రాయనిది తర్వాత రాదు. మనుషుల జీతం మాత్రం యూనివర్సిటీ తన బడ్జెట్లోంచే పెట్టుకోవాలి, అది ముందే తీర్మానం చేయించకపోతే ఎవరూ పెట్టరు.

పొన్నూరురోడ్డు_మాస్టారు:
ఇది పనికొచ్చే మాట. ఆ మనిషిని డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వండి. పూర్వం ప్రతి ల్యాబ్‌కీ సొంత టెక్నీషియన్ ఉండేవాడు, రిటైర్ అయిన పోస్టులు నింపలేదు, అసలు రోగం అక్కడ ఉంది. మనిషి నా ల్యాబ్‌లో ఉంటే సర్వర్ గొడవే లేదు.

స్విచ్‌రూమ్:
ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి ఒక్కొక్కరిని ఇచ్చే డబ్బు ఏ యూనివర్సిటీ దగ్గరా లేదు సార్. నలుగురిని పర్మనెంట్‌గా ఒకచోట పెడితే ఒకడు సెలవు పెట్టినా ఇంకొకడు పలుకుతాడు. మీ దగ్గరున్న ఒక్కడు సెలవు పెడితే మీ ల్యాబ్ మూతే.

పొన్నూరురోడ్డు_మాస్టారు:
ఆ నలుగురూ ముందు అడ్మిన్ బ్లాకుకే పోతారు, ఆఖరికి మా దగ్గరికొస్తారు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా. ఎవరి మాటకి ముందు కదలాలో రాసి ఇస్తేనే ఒప్పుకుంటా.

అరండల్‌పేట_స్కాలర్:
నా హాస్టల్ మాట మళ్ళీ పోయింది. యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ ఇన్‌ఫెడ్ అనే లాగిన్ పద్ధతి ఉంది, యూనివర్సిటీ అందులో చేరి మాకు లాగిన్‌లు ఇస్తే వైఫై లేకపోయినా ఇంట్లోంచి, ఫోన్ నెట్ మీద కూడా జర్నల్స్ తెరుచుకుంటాయి. దీనికి కేబుల్ అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు, లాగిన్‌లు చూసుకునే మనిషి ఒకరు కావాలి. లైబ్రరీలో అడిగితే నెట్‌వర్క్ వాళ్ళ పని అన్నారు, నెట్‌వర్క్ వాళ్ళని అడిగితే లైబ్రరీ పని అన్నారు. నేను మా డిపార్ట్‌మెంట్ లెటర్‌లో ముందు ఇన్‌ఫెడ్ లాగిన్‌లు, తర్వాత నలుగురు పర్మనెంట్ మనుషులు, పరీక్షల రోజుల్లో ల్యాబులకే ముందు రావాలన్న రూల్, ఆ తర్వాత స్విచ్‌లు, హాస్టల్ దాకా కేబుల్ అని పెడుతున్నా. మాస్టారు గారూ, మీకు నచ్చకపోయినా సర్వర్ మాట మా లెటర్‌లో రాయను, అది మీ డిపార్ట్‌మెంట్ రాసుకోవాలి.

పొన్నూరురోడ్డు_మాస్టారు:
రాస్తానమ్మా, నాది నేను రాస్తా.

స్విచ్‌రూమ్:
మేడమ్, హాస్టల్ దాకా కేబుల్ అని రాయొద్దు, ఫైబర్ అని రాయండి. రాగి కేబుల్ 100 మీటర్లు దాటితే పనికిరాదు. ఎల్1లో వచ్చినతను కేబుల్ అని ఉంటే కేబులే లాగి బిల్లు పెట్టుకుంటాడు.