పక్కగాలికి కనూ పడవ తిరిగిపోతోంది, గాలి నింపని గట్టి కనూకి మారితే తగ్గుతుందా?

నాది పంపుతో గాలి నింపే కనూ, 3.8 మీటర్లు. తెడ్డు పట్టి రెండు నెలలైంది. నీళ్లు నిలకడగా ఉంటే పర్వాలేదు. పక్క నుంచి కాస్త గాలి వీచిందంటే చాలు, ముక్కు గాలివైపు తిరుగుతుంది. పదిసార్లు తెడ్డు వేస్తే నాలుగు దాన్ని సరిచేయడానికే పోతున్నాయి.

కింద ఫిన్ (పడవ నేరుగా పోవడానికి పెట్టే రెక్క) బిగించాను. ట్యూబుల్లో కంపెనీ చెప్పిన 0.2 బార్ ఒత్తిడి ఉంచాను. చల్లటి నీళ్లలో దించాక ఒత్తిడి తగ్గుతోందని పది నిమిషాలాగి మళ్లీ పంపు కొట్టాను. ఒక్కడినే వెళ్లినప్పుడు నీళ్ల క్యాన్ ముందు పెడితే ఇంకా ఎక్కువ తిరిగింది (తెలివైన పని అనుకున్నా!). వెనక పెడితే కొంచెం నయం, అంతే.

గట్టి కనూ అంటే కారు పైన కట్టుకోవాలి, దాచడానికి చోటు చూసుకోవాలి. అందుకే తొందరపడట్లేదు.

రెండు రకాలూ నడిపినవాళ్లు చెప్పండి: ఇంతే పొడవున్న గట్టి కనూలో ఈ తిరుగుడు నిజంగా తగ్గుతుందా?